పసుపు గీత పక్కన నీలం గీత

రేకుల కప్పు మీద వాన.

సన్నటి వాన. వారం నుంచీ అదే. ఆగదు, పెరగదు, దానికి విసుగూ లేదు. షెడ్డు తలుపు సందులోంచి తడిసిన గొర్రెల వాసన వస్తోంది, కొండవాగు వాసన వస్తోంది. లోపల పెట్రోలు, పాత నూనె, చల్లారిపోయిన టీ.

వీటన్నిటి మధ్య, కారు కింద, వెల్లకిలా ఎమ్లిన్.

డెబ్బై నాలుగేళ్ళ మనిషి. సిమెంటు చలి వీపులోకి ఎక్కుతోంది. ఎక్కనీ... చలికాలమంతా ముసుగు కింద నిద్రపోయిన కారు. ఆదివారం కొండెక్కాలి. ఈలోగా ప్రతి నట్టూ చూసుకోవాలి.

బిగింపు. టక్. గీత.

అతని చేతిలో ఉన్నది మామూలు పానా కాదు. ఎంత బిగించాలో అంత బిగియగానే టక్‌మంటుంది. టక్‌మన్నాక పసుపు రంగు పెన్నుతో ఒక గీత — నట్టు మీంచి పక్కనున్న ఇనుము మీదికి. రేపు నట్టు రవ్వంత కదిలినా గీత విరిగి రెండు ముక్కలవుతుంది. కంటితో చూస్తే చాలు, తెలిసిపోతుంది.

బిగింపు. టక్. గీత.

ముప్పై ఐదేళ్ళు బస్సుల డిపోలో ఇదే పని. ఆ కొండదారుల్లో ఎమ్లిన్ బిగించిన చక్రం ఒక్కటీ ఊడలేదు. ఈ మాట అతను చెప్పుకోడు. ఊళ్ళో వాళ్ళు చెప్పుకుంటుంటే మాత్రం పక్కనే నిలబడి చివరిదాకా వింటాడు.

కారు పదహారేళ్ళ కిందట పెట్టెల్లో వచ్చింది. ఇరవై మూడు పెట్టెలు. హాల్లో పెట్టెలు, మెట్ల మీద పెట్టెలు, వంటింటి బల్ల మీద గేరు పళ్ళు.

"కారు కొన్నానన్నావు. ఇదేంటయ్యా, పాత ఇనప సామాను కొట్టా?" అంది భార్య గ్లెనిస్.

పది నెలలు పట్టింది. పెట్టెలన్నీ కలిసి ఒక కారయింది. ఆకుపచ్చది, పొట్టిది. తలుపుల్లేవు, కప్పు లేదు. ఐదు వందల కిలోలు కూడా తూగదు. వాన పడితే ఒళ్ళోనే పడుతుంది. ఎండ వచ్చినా అంతే. నేల ఎంత దగ్గరంటే, కూర్చున్నవాళ్ళు చెయ్యి చాపితే రోడ్డు తగులుతుంది.

రెండే సీట్లు. ఒకటి అతనిది. ఒకటి గ్లెనిస్‌ది.

పదహారేళ్ళుగా ఆ సీట్లో ఇంకెవరూ కూర్చోలేదు.

ఇలాంటి కార్లు కట్టుకున్నవాళ్ళు ఆ లోయలో ఎనిమిది మంది. పిచ్చి ఒకటే కాబట్టి స్నేహం కుదిరింది. చలికాలం తప్పించి నెలనెలా రెండో ఆదివారం వరసగా బయల్దేరతారు... ఆనకట్టలు దాటి, ఎర్రగద్దలు తిరిగే మలుపులు దాటి, కొండ మీది టీ కొట్టు దాకా. అక్కడ వేడి బన్నులో బేకన్ పెట్టుకుని తింటూ ఒకరి కారును ఒకరు వెక్కిరించుకుంటారు. ఒకరి కారుకు ఒకరు సాయం పడతారు కూడా. అందుకే ఒక కట్టుబాటు పెట్టుకున్నారు.

ఒక్కొక్కరికీ ఒక రంగు. ఎవరు బిగిస్తే వాళ్ళ రంగు గీత. బిగించినవాడిదే పూచీ. ఒకరు గీసిన నట్టును ఇంకొకరు ముట్టుకోరు.

ఎమ్లిన్‌ది పసుపు.

ఆ సోమవారం, ముందు చక్రం వెనక పేరుకున్న బురదను గుడ్డతో తుడిచాడు. పసుపు గీత కనిపించింది.

దాని పక్కన నీలం గీత.

ఇంకో నట్టు తుడిచాడు. పసుపు. పక్కన నీలం. ఇంకోటి... ఇంకోటి... కారు పొడుగునా, కింద, పైన, తన ప్రతి గీత పక్కనా బుద్ధిగా నిలబడ్డ ఇంకో గీత.

నీలం ఐవర్‌ది — ఆ ఎనిమిది మందిలో ఒకడు, అందరికన్నా పాత స్నేహితుడు.

కోపం రావాల్సింది. వచ్చేదే. కాని అంతకుముందే ఇంకోటి కంటబడింది. నాలుగు చోట్ల పసుపు గీత విరిగి ఉంది. నట్టు మీది ముక్క ముందుకు జరిగింది, ఇనుము మీది ముక్క వెనకే ఉండిపోయింది. అంటే, ఎవరో ఆ నట్టును తర్వాత బిగించారు. అంటే, అది బిగిసేంత వదులుగా ఉంది. అంటే, ఎమ్లిన్ గీత గీశాడు కాని... బిగించలేదు.

టక్ లేకుండా గీత.

నాలుగింట్లో ఒకటి ముందు చక్రానిది, గ్లెనిస్ కూర్చునే వైపుది.

చాలాసేపు అలాగే పడుకున్నాడు. వాన చప్పుడు వింటూ.

వంటింట్లో గ్లెనిస్ ఉల్లికాడలు కోస్తోంది.

"ఐవర్‌కి షెడ్డు తాళం ఎవరిచ్చారు?"

కత్తి ఆగింది. "నేనే."

"ఎప్పట్నించి?"

"గడియారం బొమ్మ గీశావే, ఆ వారం నుంచి."

గీశాడు. పోయిన వేసవిలో, ఆసుపత్రిలో. మతిమరుపు ఏమైనా ఉందేమోనని డాక్టరమ్మ కాగితం ఇచ్చి, గడియారం గీసి పదకొండూ పది చూపించమంది. గుండ్రం బాగానే వచ్చింది. అంకెలన్నీ ఒక పక్కకే చేరాయి. "నేను బస్సులు బాగుచేసేవాణ్ణమ్మా, గడియారాలు కాదు" అని నవ్వించాడు. డాక్టరమ్మ నవ్వింది. ఇప్పటికి కారు నడపొచ్చు, ఏడాది తిరిగాక మళ్ళీ చూద్దాం అంది. గ్లెనిస్ నవ్వలేదు.

"అందుకా, గురువారం గురువారం నన్ను బజారుకి లాక్కుపోతున్నావు? మూడు స్వెట్టర్లు కొనిపించావు కదే!"

"స్వెట్టర్లు కావాలిగా మరి."

ఇద్దరికీ నవ్వు రాలేదు.

"నీ పక్కన కూర్చునేది నేను, ఎమ్లిన్. కూర్చోడం మానెయ్యాలి, లేకపోతే తాళం ఇవ్వాలి. మానెయ్యడం నా వల్ల కాలేదు."

మళ్ళీ కత్తి కదిలింది. ఆ ఉల్లికాడలు కోయడం ఎప్పుడో అయిపోయింది. ఆమె ఇంకా కోస్తూనే ఉంది.

మంగళవారం తడుస్తూనే ఐవర్ ఇంటికి నడిచాడు. ఐవర్ నలభై ఏళ్ళు ఉత్తరాలు పంచిన మనిషి. నోట్లో నువ్వుగింజ నానదు. కోళ్ళకు గింజలు చల్లుతూ, వాటితోనూ ఏదో వాదిస్తున్నాడు.

"నా గీత మీద గీత గీస్తావుట్రా?"

"మీద కాదు, పక్కన. కళ్ళు కూడా పోయాయా?"

"నేను బస్సులు బిగించే రోజుల్లో నువ్వు ఒకరి ఉత్తరం ఇంకొకరింట్లో పడేసి వచ్చేవాడివి. నువ్వా నాకు నేర్పేది?"

"పడేశాను, ఎందుకు పడెయ్యలేదు! చావు కబురు పెళ్ళింట్లో వేసి తన్నులు తినబోయాను. కాని నా తప్పుకి ఎవరూ లోయలో పడలేదు, ఎమ్లిన్."

కోళ్ళు తింటున్నాయి. వాన పడుతోంది.

ఎమ్లిన్‌కు తెలుసు, ఐవర్ నిజమే చెప్పాడు. అందుకే అంత కోపం. చేతకానితనం బయటపడ్డ మనిషికి ఆ క్షణంలో కనిపించేది, బయటపెట్టినవాడి మొహం ఒక్కటే.

"నా కారు ముట్టుకోకు. నా షెడ్డులో అడుగు పెట్టకు. దొంగలా దూరి గీతలు గీస్తాడట... నువ్వసలు మనిషివేనా?"

ఐవర్ గిన్నెలో మిగిలిన గింజలన్నీ ఒకేసారి కుమ్మరించాడు.

"సరే. నువ్వు పిలిస్తే తప్ప రాను."

ఆ సాయంత్రమే ఎమ్లిన్ థిన్నరు డబ్బా తీశాడు. నీలం గీతలన్నీ తుడిచేశాడు. తుడుస్తుంటే పసుపూ పోయింది. పోతే పోనీ... అన్నిటికీ మళ్ళీ కొత్త పసుపు. తిన్నటి గీతలు. ఒక్కటీ విరగలేదు. కారంతా మళ్ళీ తనదే.

ఎంత ముచ్చటగా ఉందో.

బుధవారం గ్లెనిస్ చర్చిలో పాటల సాధనకు వెళ్ళింది. ఇంట్లో ఒంటరితనం, మనసులో పురుగు. ఐవర్ నిజంగా రాడా? వస్తాడు, దొంగచాటుగా వస్తాడు. అలవాటు పడ్డ కాలు ఆగుతుందా? వస్తే పట్టుకోవాలి. పట్టుకుని మొహం మీద అడగాలి.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి ఎమ్లిన్. ఆ మూడు కాళ్ళనూ నిరూపించాలని కూర్చున్నాడు.

ఒక నట్టు. ఒకే ఒక్క నట్టు. అరచుట్టు వదులు చేస్తే చాలు. పాత గీత తుడిచి, తిన్నగా కొత్తది గీస్తే చాలు. ఐవర్ వస్తే పానా పెడతాడు, నట్టు తిరుగుతుంది, గీత విరుగుతుంది. దొరికిపోతాడు. రాకపోతే ఆదివారం పొద్దున తనే బిగించేసుకుంటాడు. ఎంత తేలిక!

గురువారం కుక్కిన పేనులా బజారుకు వెళ్ళాడు. నాలుగో స్వెట్టరు కూడా కొనుక్కున్నాడు.

శుక్రవారం వాన. శనివారం వాన.

ఆదివారం వాన తెరిపిచ్చింది. కొండల మీద మంచు పొరలు లేస్తున్నాయి. ఎక్కడో ఒక గొర్రెపిల్ల తల్లి కోసం అరుస్తోంది. ఎమ్లిన్ పెందలాడే షెడ్డులోకి వెళ్ళి, కారు కింద పడుకుని, దీపం ఎత్తి పట్టుకున్నాడు.

పసుపు. పసుపు. పసుపు.

నీలం ఎక్కడా లేదు. విరిగిన గీత ఎక్కడా లేదు. ఐవర్ రాలేదన్నమాట. మాట మీద నిలబడ్డాడన్నమాట. ఒక పక్క గెలిచినట్టూ ఒక పక్క సిగ్గుగానూ ఉంది. సరేలే, ఆ నట్టు బిగించేద్దాం.

ఏ నట్టు?

ముందుదా? కాదు, వెనకది. వెనక... ఎడమ పక్క... చల్లటి ఇనుము వేళ్ళకు తగిలిన గుర్తు. అది బుధవారందా? సోమవారందా? డిపోలో ఏదో బుధవారందా?

అసలు వదులు చేశాడా? చేద్దామని అనుకున్నాడా?

పానా తీసుకున్నాడు. అన్నీ చూసేస్తే పోదూ. ముందు కుడి. టక్. దాని పక్కది. టక్. దాని పక్కది... దీపం జరిపాడు. జరిపి, ఎక్కడున్నాడో మర్చిపోయాడు. మళ్ళీ మొదటి నుంచి. టక్. టక్. గద్ద అరిచింది. మళ్ళీ మొదటి నుంచి.

మూడోసారి పానా ఆపి చెవి పెట్టి విన్నాడు. టక్ అని వినిపించింది. చెయ్యి కదల్లేదు, వినిపించింది. ముప్పై ఐదేళ్ళుగా చెవిలో పడ్డ చప్పుడు. ఏది ఇప్పటిది, ఏది అప్పటిది?

కారు కింద ఎమ్లిన్‌కు మొదటిసారి భయమేసింది.

అప్పుడే గ్లెనిస్ వచ్చింది. తలకు ఎర్ర స్కార్ఫు, చేతిలో టీ ఫ్లాస్కు. తలుపు లేని కారులోకి కాలు చాపి దిగింది. పదహారేళ్ళ అలవాటు. బెల్టు పెట్టుకుంది. దూరంగా రోడ్డు మీద ఇంజన్ల చప్పుడు. ఏడు కార్లు. గేటు దాకా వచ్చి, ఎమ్లిన్ కారు కోసం ఆగుతాయి.

"రావయ్యా, వాళ్ళొచ్చేశారు."

కారు కింద దీపం ఆరింది.

"ఎమ్లిన్?"

మెల్లగా బయటికి వచ్చాడు. చేతులకు నూనె. ఆమె వైపు చూడలేకపోయాడు.

"గ్లెనిస్, ఐవర్ గురువారం వచ్చాడా?"

"రాలేదు. మంగళవారమే తాళంచెవి తెచ్చి ఇచ్చేశాడు. మొహం చూడలేకపోయాను, పాపం."

"దిగు."

"ఏం?"

"దిగు, గ్లెనిస్. ఒక నట్టు వదులు చేశాను. చేశాననుకుంటాను. ఏదో..." ఏడాదిగా ఎవరికీ చెప్పని మాట, చివరికి తనకైనా చెప్పుకోని మాట. "నాకు గుర్తులేదు."

ఆమె బెల్టు విప్పింది. దిగి, అతని నూనె చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. తెల్ల చేతితొడుగులు నల్లబడ్డాయి. గేటు వైపు నడిచింది.

ఆమె ఏం చెప్పిందో ఏమో. ఒక ఇంజను ఆగింది. ఇంకోటి ఆగింది. ఒకటొకటే... ఏడూ ఆగిపోయాయి. లోయలో గొర్రెపిల్ల అరుపొకటే మిగిలింది.

ఐవర్ వచ్చాడు. చేతిలో పానాల పెట్టె. షెడ్డు గడప దగ్గర ఆగాడు. వెక్కిరింత లేదు, నవ్వు లేదు. లోపలికి అడుగు పెట్టలేదు. పిలిస్తే తప్ప రానన్నాడు, అన్న మాట మీద నిలబడ్డాడు.

ఎమ్లిన్ అతని వైపు తిరిగాడు. నలభై ఏళ్ళ స్నేహితుడు. ఆ తెల్లటి కనుబొమలు, కోళ్ళతో వాదించే ఆ నోరు, పెళ్ళింట్లో వేసిన చావు కబురు — అన్నీ ఉన్నాయి.

చెయ్యి ఊపినా వచ్చేస్తాడు. కాని తిట్టి పంపిన మనిషిని చెయ్యూపి పిలవకూడదు. పేరు పెట్టి పిలవాలి. ఆమాత్రం మర్యాద అతనికి తెలుసు.

నోరు తెరిచాడు.

పేరు లేదు.

ఇప్పుడే, ఇక్కడే ఉండాలి. పొద్దున్నే కారు కింద ఎన్నిసార్లు అనుకున్నాడు ఆ పేరు! నాలుక చివర వెతికాడు. చెవుల్లో వెతికాడు. టక్ వినిపించింది, అంతే.

రేకుల మీద ఒక చినుకు. ఇంకో చినుకు. ఐవర్ తల మీద, భుజాల మీద, పెట్టె మీద మళ్ళీ సన్నగా మొదలైంది వాన.

తడుస్తూ, గడప అవతల, ఐవర్ ఎదురుచూస్తున్నాడు.