మున్షీ సాబు జర్మన్ చదువు

కాటమయ్యకు రాని భాష లేదని చిట్యాల చుట్టుపక్కల ఊళ్ళన్నీ నమ్మేవి. నమ్మించింది కూడా కాటమయ్యే. నైజాం కాలంలో తాలూకా కచేరీలో కాగితాలకు నకళ్ళు రాసిన గుమాస్తా, అంతే. కానీ మున్షీ సాబూ అని పిలిస్తే తప్ప పలికేవాడు కాదు. కచేరీల్లోకి తెలుగు వచ్చాక ఆయన ఉర్దూ ఎవరికీ అక్కరలేకపోయింది. అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళ మాటల్లో తప్పులు పట్టడం ఒక్కటే మిగిలింది. అలాంటి మనిషి చేతికి జర్మన్ పుస్తకం చిక్కితే ఇంకేముంది!

తీసుకెళ్ళి ఇచ్చింది మేనకోడలు అండాలే. పాపం, గతిలేక. అరవై మూడులో మాట ఇది. మెట్రిక్ పాసైన అండాలు రోజూ బస్సెక్కి నల్గొండ వెళ్ళి, ఒక మిషన్ దవాఖానలో కట్లు కట్టే పని చేసేది. అక్కడి జర్మన్ సిస్టర్ ఎర్నా, ఒక పిల్లను నర్సు చదువుకు జర్మనీ పంపుతానంది. కాకపోతే దవాఖానలోని వస్తువుల పేర్లన్నీ జర్మన్‌లో తప్పులేకుండా చెప్పాలి. ఆ భాషలో ప్రతి వస్తువూ మగదో, ఆడదో, రెండూ కానిదో అయి ఉంటుంది. మగదాని ముందు దేర్, ఆడదాని ముందు దీ, మూడోదాని ముందు దాస్ అనాలి. సిస్టర్ ఎక్కడినుంచో తెప్పించిన పుస్తకంలో వివరణంతా ఉర్దూ, చివరికి జర్మన్ మాటలు కూడా ఉర్దూ అక్షరాల్లోనే. అండాలుకు అవి రావు. పరీక్ష తప్పితే కాటమయ్య కొడుకు సైదులుతో లగ్గం ఖాయం. సైదులు పొద్దున్నే పేకాటకు కూర్చుంటే మళ్ళీ బువ్వకే లేచేవాడు. వాడి మొహం గుర్తొస్తే చాలు, అండాలుకు చదువు మీద ఎక్కడలేని భక్తి పుట్టుకొచ్చేది.

కాటమయ్య పుస్తకం తెరిచి, పేరు ముందున్న చిన్న మాటను బొటనవేలితో మూసేసి, పేరు మాత్రమే చదివేవాడు. మగో ఆడో తానే తేల్చేవాడు.

"టిష్ అంటే మేజు. మేజు ఆడది. దీ టిష్ అను."

"ఆడదని ఎట్ల తెలుసు మామా?"

"ఎట్ల తెల్సా? చిన్నప్పుడు మేజ్ అచ్ఛా హై అన్నందుకు ఉస్తాద్ నా అరచేతులు వాయగొట్టిండు. అచ్ఛీ అనాలె. మేజును ఖుదా ఆడదాన్ని చేసిండు. దేశం మారితే అది మగది అయితదా?"

"మరి సిస్టర్ చెప్పిన గా దాస్ ఏంది?"

"అచ్చుతప్పు," అన్నాడు మున్షీ సాబు.

ఆహా, ఏం పాండిత్యం! అండాలు మాత్రం అప్పటికి నమ్మింది. మరునాడు దవాఖానలో బల్ల తుడుస్తూ, మురిసిపోతూ దీ టిష్ అంది. సిస్టర్ నవ్వి, కాదు, దేర్ టిష్ అని దిద్దింది. కుర్చీ తప్పు, మంచం తప్పు, కిటికీ తప్పు. సాయంత్రం అండాలు ఆ సంగతి మామ ముందు పెట్టింది.

కాటమయ్య తొణకలేదు. "ఆమెకు రాదు బిడ్డా."

"ఆమె జర్మనీలనే పుట్టింది మామా!"

"పుడితే? మనూళ్ళ అందరు తెలుగోళ్ళింట్లనే పుట్టిర్రు. ఒక్కనికన్న సక్కగ మాట్లాడొస్తదా?"

ఆ రోజుతో మామంటే అండాలుకు ఉన్న గౌరవం కాస్తా తుడిచిపెట్టుకుపోయింది. తెలియకపోవడం నేరం కాదు. తెలియదని ఒప్పుకోవడానికి కూడా చేతకాని మనిషిని ఏమనాలి? కానీ మొహాన అనే దారి లేదు. నాయిన మైసయ్య, బావమరిది కాటమయ్య ఊ అననిదే ఇంట్లో గొర్రెను కూడా అమ్మడు. అందుకని పగలు కట్లు కడుతూ సిస్టర్ దగ్గర ఒప్పులు నేర్చుకుంది. సాయంత్రం మామ ముందు కూర్చుని తప్పులు అప్పజెప్పింది. ఆయన కళ్ళు మూసుకుని శెభాష్ అంటుంటే లోపల ఛీ అనుకునేది.

రోజూ పోయే దవాఖానే అయినా, పరీక్షకు గురువు లేకుండా పంపుతారా? మామే తోడొచ్చాడు. పైగా షేర్వానీ. పరీక్ష పెట్టడానికి హైదరాబాదు నుంచి వచ్చిన జర్మన్ డాక్టరుకు ఎదురుగా, గుమ్మంలోనే నిలబడ్డాడు మామ. డాక్టరు బల్ల మీద చెయ్యి వేశాడు.

"దేర్ టిష్," అంది అండాలు.

"గలత్!" అని గుమ్మంలోంచి ఒక్క అరుపు. "దీ టిష్! సక్కగ చెప్పు!"

డాక్టరు తెల్లబోయి చూశాడు. సిస్టర్ లేచి, "అయ్యా, మీరు బయట కూర్చోండి" అని తలుపు వేసేసింది. అండాలుకు తల కొట్టేసినట్టయింది. అయినా తలుపు మూశాక ఒక్కటీ తప్పలేదు. పాసైంది.

బస్సు నార్కట్‌పల్లి దాటాక కాటమయ్య తేల్చేశాడు.

"ఆ దేశం వద్దు. సొంత భాషే రానోళ్ళు నీకేం సదువు చెప్తరు? మీ నాయినతోని నేను మాట్లాడ్త. ఉగాది ఎల్లంగనే లగ్గం."

అండాలు లెక్క వేసుకుంది. ఈయన వద్దంటే నాయిన వద్దంటాడు, అంతే. బతిమాలితే ఇంకా బిగుసుకుపోయే రకం. చిట్యాలలో బస్సు ఆగింది. హోటల్ ముందు నాయినతోపాటు ఊరివాళ్ళు పదిమంది నిలబడి ఉన్నారు. అండాలు మామకంటే ముందే దిగింది.

"నాయినా, పాసైన! అంత మామ సలువ! మున్షీ మామ చెప్పకుంటే నాకొక్క ముక్క రాకపోవు! జర్మన్ డాక్టరే నోరెళ్ళబెట్టిండు!" అని అందరికీ వినపడేలా అరిచి, వంగి మామ కాళ్ళు మొక్కింది.

మెట్టు మీద కాటమయ్య కొయ్యబారిపోయాడు. ఇప్పుడు వద్దంటే ఆ ఘనత తనది కాకుండా పోతుంది. కోడలు కావాలా, పేరు కావాలా? తేల్చుకోవడానికి ఆయనకు ఎంతోసేపు పట్టలేదు. షేర్వానీ సవరించుకున్నాడు.

"పంపియ్యి బావా. నేను సదువు చెప్పిన పిల్ల ఇంట్ల కూసుంటే నాకే నామోషి."

మైసయ్య తల ఊపాడు. అయిపోయింది, గెలిచింది. ఇంత అల్పుడా అని అండాలుకు నవ్వాగలేదు. అంతలో నర్సింగమ్మ తన కూతురు సుక్కమ్మను చెయ్యి పట్టి ముందుకు లాక్కొచ్చింది.

"మున్షీ సాబూ, మా పిల్లకు గూడ చెప్పుండ్రి. దవాఖాన్ల ఇంకో పిల్లను తీస్కుంటరంట. ఇప్పటిసంది మొదలువెడ్తే ఇదీ జర్మనీ పోతది."

"రేపే పంపియ్యి," అన్నాడు మున్షీ సాబు.

సుక్కమ్మ మొహం వెలిగిపోతోంది. ఆ పిల్ల వచ్చి అండాలు కొంగు పట్టుకుంది. "నిజంగనే ఆయిన దగ్గర నేర్చుకుంటే పాసైతనా అక్కా?"

మామ పక్కనే ఉన్నాడు. నాయిన వింటున్నాడు.

"అయితవ్," అంది అండాలు. ఆ మాట అంత తేలిగ్గా నోటినుంచి ఊడిపడ్డందుకు, మామ మీద కాదు, తన మీద తనకే ఛీ అనిపించింది.