జీవరాజు ఫోను రాని రోజు

కడియం నర్సరీ కూలీల సంఘానికి జీవరాజు ఇరవై రెండేళ్లుగా నాయకుడు. మంచివాడే. కాకపోతే పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. ఆయన పట్టిన కుందేలు రహస్యం. తొలిరోజుల్లో ఒకసారి సమ్మె తేదీ గురించి అందరి ముందూ మాట్లాడితే, మర్నాటికల్లా ఓనరు తుని నుంచి కూలీల్ని లారీలో దింపేశాడు. ఆ దెబ్బ ఆయన మరిచిపోలేదు. అప్పట్నుంచి సంఘానికి ఒకటే కట్టుబాటు. సమ్మె రోజు ఏదో ఆయనకే తెలియాలి. ఆరు కూలీ ముఠాల పెద్దలకూ ఆయన ఫోను వస్తేనే పని ఆగాలి. రాకపోతే ఎవరూ కదలకూడదు.

ఈసారి సమ్మె దీనమ్మ కోసం. మాస్కు ఇవ్వందే మొక్కలకు మందు కొట్టనన్నందుకు ఓనరు ఆమెను పనిలోంచి తీసేశాడు. భర్త పోయిన మనిషి, ఇద్దరు ఆడపిల్లల్ని రెక్కల కష్టం మీద సాకుతోంది. వానాకాలం ఆర్డర్లు ముమ్మరంగా పోతున్న రోజులు కనక, ఒక్క పూట మొక్కలు లారీ ఎక్కకపోతే ఓనరు దిగిరాక తప్పదు. జీవరాజు మనసులో గురువారం అనుకున్నాడు. దీనమ్మతో మాత్రం "గురువారం ఏడింటికి గేటు దగ్గర ఉండమ్మా" అన్నాడు. ఎందుకో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు.

గురువారం ఆరున్నరకు ఆయన వాకిట్లో పళ్లు తోముకుంటుంటే పోలీసు జీపు వచ్చింది. ఏదో పాత కేసు గురించి మాట్లాడాలన్నారు. తేదీ తెలియకపోయినా సమ్మె వాసన పసిగట్టి ఓనరే పంపి ఉంటాడు. ఫోను లాక్కున్నారు. స్టేషన్లో బల్ల మీద కూర్చోబెట్టి సాయంత్రం దాకా ఒక్క ముక్క అడగలేదు. జీవరాజు బెదరలేదు, అలాంటి బల్లలు చాలా చూశాడు. తనను తీసుకెళ్లిన సంగతి ఈపాటికి ఊరంతా తెలిసే ఉంటుంది, పని ఆగే ఉంటుందని లోపల్లోపల సంతోషించాడు కూడా.

ఆరింటికి వదిలారు. ఆటో దిగేసరికి నర్సరీల రోడ్డు మీద నిండుగా మొక్కలతో లారీ ఎదురొచ్చింది. దాని వెనకాలే ఇంకొకటి. పని ఆగలేదు.

తిన్నగా దీనమ్మ ఇంటికి వెళ్లాడు. లోపల కూడిక జరుగుతోంది. పేటలో ఆడవాళ్లు వారానికో ఇంట్లో ప్రార్థనకు చేరతారు, ఈ వారం దీనమ్మ వంతు. చర్చి గడప తొక్కి ముప్పై ఏళ్లయిన జీవరాజు చెప్పులు విప్పి గుమ్మంలోనే నిలబడ్డాడు. పాట ఎత్తాల్సిన రూబీకి జ్వరమట, రాలేదు. ఎవరూ ఎవరికీ పురమాయించలేదు, ముసలి ఎస్తేరమ్మ ఎత్తింది. చరణం మధ్యలో ఆమెకు దగ్గు వస్తే పక్కనున్న ప్రసన్నకుమారి అందుకుంది. పాట ఎక్కడా తెగలేదు.

ఆమెన్ అన్నాక ఆయన ఇక ఉండబట్టలేకపోయాడు.

"ఏంటమ్మా ఇది? నన్ను తీసుకెళ్లారని తెలిసి కూడా పనిలోకి ఎలా దిగారు?"

ప్రసన్నకుమారి ఒక ముఠాకు పెద్ద. ఆమె తల దించుకోలేదు. "మీ ఫోను రాలేదండి. ఫోన్లు నడుముకి దోపుకుని, ఎప్పుడు మోగుతుందా అని చూసుకుంటానే మొక్కలు మోశామండి. రాకపోతే కదలొద్దని మీరే కదండి చెప్పారు."

"అంతమందిలో ఒక్కరికీ బుద్ధి లేదా?"

"ఉందండి. దాన్ని వాడొద్దన్నారు కదండి."

జీవరాజుకు కోపం వచ్చినంత వేగంగానే దిగిపోయి, దాని చోట సిగ్గు మిగిలింది. ఆ రోజు పోలీసులు నర్సరీ దాకా వెళ్లాల్సిన అవసరమే లేకపోయింది. ఒక్క మనిషిని బల్ల మీద కూర్చోబెడితే సరిపోయింది. సంఘాన్ని అంత సులువుగా పట్టేసుకునేలా తయారుచేసింది తానే.

"అయితే రేపు ఆపుదాం" అంది ఎస్తేరమ్మ. ఒక్కొక్కరే సరేనన్నారు. ఎవరు ఏ ముఠాతో మాట్లాడాలో, వాళ్లని పోలీసులు తీసుకెళ్తే తర్వాత ఎవరో అక్కడే అనుకున్నారు.

"ఇంతమందికి తెలిస్తే తెల్లారేసరికి ఓనరు చెవిలో పడుతుంది" అన్నాడు జీవరాజు.

"పడనివ్వండి" అంది ప్రసన్నకుమారి. "ఎంతమందిని తీసుకెళ్తారు? తుని వాళ్లని దింపితే వాళ్లతోనూ మాట్లాడతాం. వాళ్లూ మనలాంటి కూలోళ్లే కదండి."

ఇరవై రెండేళ్లలో ఆయనకు ఆ ఆలోచన రాలేదు. "మరి నన్నేం చెయ్యమంటారు?" అన్నాడు. సంఘం పెట్టాక ఆయన ఎవరినైనా అలా అడగడం అదే మొదలు.

అందరూ దీనమ్మ వైపు చూశారు.

"ఏడింటికి గేటు దగ్గర ఉండమన్నారు, ఉన్నానండి. మనోళ్లంతా నా ముందు నించే లోపలికి పోయారు. ఎందుకు నిలబడ్డావని వాచ్‌మన్ అడిగాడు. నాకేం తెలుసండి? ఆటో కోసం అన్నాను." ఆమె కళ్లు తుడుచుకుని ఆయన వైపు తిరిగింది. "రేపొచ్చి నా పక్కన నిలబడండి. ఎవరన్నా అడిగితే, ఎందుకో నేను చెప్తాను."