జవాబు కోసం ఆగిన ఫిర్యాదు

జనం సొమ్ముతో నడిచే ఆ రేడియోలో జనం మాటతో నడిచేది ఆమె కార్యక్రమం ఒక్కటే. ఏం మాట్లాడాలో వీధివాళ్ళే తేల్చేవారు, ఆమె మైకు పట్టేది. బడి గోడ ఒరిగిందని ఓ వీధివాళ్ళు మొత్తుకున్నారు. ఆ గోడ పక్కనే కుట్టుమిషను పెట్టుకున్న దర్జీ అందరికంటే గట్టిగా చెప్పాడు. కానీ సంబంధిత అధికారి జవాబు రికార్డయ్యేదాకా ఫిర్యాదు ప్రసారం కాకూడదని స్టేషన్లో పద్ధతి. అధికారి సెలవులో ఉన్నాడు. గోడకేం సెలవు? ఆమె నోరెత్తకుండా రెండు వారాలు పాటలు వేసింది. మూడో వారం గోడ కూలి దర్జీ కాలు విరిగింది.

ఆమె పరామర్శకు వెళ్ళేసరికి, అతను కట్టు కట్టిన కాలు బల్ల మీద చాపుకుని బొత్తాలు కుడుతున్నాడు.

"ఆఫీసరుగారు సెలవు నుంచి వచ్చారా తల్లీ?"

"తప్పు నాదే బాబాయ్. ఇకమీదట నువ్వు చెప్పగానే వేస్తాను. పద్ధతీ లేదు, గిద్ధతీ లేదు."

"రేడియో మాదేనన్నావు. మాదైతే ఆయన కోసం ఎందుకాగింది?"

ఆమె సంచిలోంచి మైకు తీసి అతని ముందుకు జరిపింది. "ఈ మాటే అందరికీ చెప్పు బాబాయ్."

దర్జీ దారాన్ని పంటితో తెంపాడు. "నేనడిగింది నిన్ను. చెబితే నువ్వే చెప్పు."

ఆమె మైకును తన వైపు తిప్పుకుంది.