ఆరాక పడిన గీత

మూడో బకెట్టు నీళ్లు పారబోసి, ఫినాయిలక్క చీపురును గోడకు ఆనించింది. నడుం మీద చేయి వేసుకుని రెండు నిమిషాలు నిలబడింది. ఏడున్నరకల్లా కుట్టుమిషన్లు మొదలవుతాయి. ఆలోగా ఆరు మరుగుదొడ్లు, రెండు అద్దాలు, చేతులు కడుక్కునే పొడుగాటి తొట్టి తళతళలాడాలి.

ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉంది. అది హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా కనబడదు. మనిషి కంటే ముందు వాసన వస్తుంది కనుక ఈ చొక్కాల ఫ్యాక్టరీలో రెండు వందల మంది ఆడవాళ్లూ ఫినాయిలక్క అనే పిలుస్తారు. ఆమె కూడా పలుకుతుంది. వేళ్ల సందులు ఒరిసిపోయి తెల్లగా పాలిపోయి ఉంటాయి. కుడి చూపుడువేలి గోరు నిలువునా చీలి ఉంటుంది. అది మాత్రం మిషను సూది చేసిన పని.

ఒకప్పుడు ఆమె కూడా జేబులు కుట్టేది. కడుపుతో ఉన్న సంగతి ఏడో నెల దాకా గుడ్డ బిగించి కట్టుకుని దాచింది. తెలిసిన రోజే బయటికి పంపారు. పిల్లకు పాలు మాన్పించి తిరిగొచ్చేసరికి మిషను వేరొకరిదైంది, చీపురు మిగిలింది. ఆ పిల్ల ఇప్పుడు వేరే ఊళ్లో కాపురం చేసుకుంటోంది. మీ అమ్మ ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే ఫ్యాక్టరీలో అని ఊరుకుంటుంది.

నిన్న నడుం నొప్పి వల్ల చివరి మరుగుదొడ్డిలో చెత్తబుట్ట తీయలేదు. ఇప్పుడు బోర్లిస్తే, నీలం గుడ్డ పేలికలో చుట్టిన కిట్టు జారిపడింది. నెల తప్పిందో లేదో చూసుకునే తెల్ల ప్లాస్టిక్ కిట్టు. ఇన్నేళ్లలో ఇలాంటివి చాలా చూసింది. అక్షరం ముక్క రాకపోయినా గీతలు వచ్చు. ఒకటైతే లేదు, రెండైతే ఉంది. దీపం కిందకు తీసుకెళ్లి చూసింది. ఒక గీత ఎర్రగా ఉంది. పక్కనే ఇంకొకటి, సన్నగా, బూడిద రంగులో ఉంది. ఆ రంగేమిటా అని అనుమానం వచ్చింది కానీ దాని దగ్గర ఆగలేదు. ఈ వారం నీలం కాలర్లు కుడుతున్నది ఒక్క మనిషే.

తొమ్మిదింటికి సూపర్‌వైజరు గది తుడవడానికి వెళ్లింది.

"ఏంటమ్మా విశేషాలు?" అని సూపర్‌వైజరు రోజూ తల ఎత్తకుండా అడుగుతుంది. ఏమున్నాయి మేడం అని ఫినాయిలక్క రోజూ అంటుంది. ఇవాళ నోరు ఊరుకోలేదు.

"కాలర్ల అమ్మాయికి నెల తప్పినట్టుంది మేడం."

సూపర్‌వైజరు పెన్ను కింద పెట్టింది. "కూర్చో" అంది.

పంతొమ్మిదేళ్లుగా ఆ కుర్చీని తుడవడమే గానీ కూర్చుని ఎరగదు. కూర్చుంది. ఎక్కడ దొరికింది, ఎన్ని గీతలు, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. చెబితే ఏమవుతుందో తెలియక కాదు. తెలియనట్టు ఉండటం తేలిక. పైగా, నిజం ఒప్పుకోవాలంటే, చెబుతున్నంతసేపూ ఆమెకు బాగానే ఉంది.

మధ్యాహ్నం కాలర్ల అమ్మాయి ముఖం కడుక్కోవడానికి వచ్చింది. సన్నటి మనిషి. జుట్టు నిండా నీలం దారప్పోగులు. ఎంత కడిగినా కళ్లు ఆరడం లేదు. పని తగ్గిందట, రేపటినుంచి రావద్దన్నారట.

ఫినాయిలక్కకు పొద్దున తను అన్న మాట గుర్తొచ్చింది. ఏదో ఒకటి చెప్పి ఓదార్చాలనిపించింది.

"పోతే పోయిందిలే తల్లీ. ఇలాంటప్పుడు ఏడవకూడదు. కడుపులో బిడ్డకు మంచిది కాదు."

"ఏ బిడ్డక్కా?"

"నా దగ్గర దాపరికమెందుకు? రెండు గీతలూ కళ్లారా చూశాగా."

అమ్మాయి కొళాయి కట్టేసింది. ఒక్క క్షణం ఆ ముఖం వెలిగిపోయింది. అది చూసి ఫినాయిలక్క కూడా సంతోషపడబోయింది.

"రెండా? ఎప్పుడు చూశావు?"

"ఇవాళ పొద్దున, బుట్ట తీస్తుంటే."

వెలుగు పోయింది.

"నేను చూసుకున్నది నిన్న పొద్దున. ఒక్కటే ఉంది" అంది అమ్మాయి. "ఆ మొదటి గీత కిట్టు పనిచేసిందని చెప్పడానికే అక్కా. కడుపు పడితే ఒంట్లో ఏదో ఊరుతుందట, అది మూత్రంలో ఉంటేనే రెండోచోట రంగు పడుతుంది. చుక్కలు వేశాక ఐదు నిమిషాల్లో చూసేయాలి. పది దాటితే తడి ఆరి ఉత్త మరక తేలుతుంది. అది లెక్కలోకి రాదు. కాగితం మీద రాసే ఉంటుంది. మూడేళ్ల నుంచి చూసుకుంటున్నా, నాకు తెలీదా?"

కాగితం మీద రాసి ఉంటే ఫినాయిలక్కకు ఏం లాభం? బూడిద రంగు మాత్రం ఇప్పుడు బాగా గుర్తొచ్చింది.

అమ్మాయి తువ్వాలు ముఖానికి ఒత్తుకుని, తీసి, ఆమె వైపు చూసింది.

"అయితే మేడంకి చెప్పింది నువ్వేనా?"

ఫినాయిలక్క తల వంచుకుంది.

"ఇంట్లో మా అత్తగారు చెత్తబుట్ట కూడా వదలదు. నెలనెలా ఆవిడ ముఖం చూడలేక ఇక్కడ చూసుకుంటున్నా. ఇక్కడైతే బుట్ట తీసేది నువ్వే కదా అనుకున్నా."

అంతే. తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. తిడితే తిరిగి ఓ మాట అని మనసు తేలిక చేసుకునేది. సిగ్గేసింది. తను పడ్డ గోతిలోకే ఇంకొకరిని చేయి పట్టుకు దింపింది, అదీ లేని బిడ్డ పేరు చెప్పి.

చేతులు చీరకు తుడుచుకుంటూ సూపర్‌వైజరు గదికి పరుగెత్తింది.

"మేడం, నేను పొరబడ్డాను. ఉన్నది ఒక్క గీతే."

"ఒకటైతేనేం, రెండైతేనేం? చూసుకుంటోందంటే కావాలనుకుంటున్నట్టే కదా. ఇప్పుడు కాకపోతే వచ్చే నెల."

"తప్పు నాది మేడం. ఆ అమ్మాయిని..."

"నీకెందుకమ్మా ఇవన్నీ? ఆమె బీరువా అర ఖాళీ చేసి తుడిచిపెట్టు. రేపు వేరే మనిషి వస్తోంది."

ఇంకో మాట అనవచ్చు. అంటే చీపురు కూడా పోతుందేమో. "సరే మేడం" అంది. పొద్దున చెప్పిన చాడీ కంటే ఈ రెండు ముక్కలకు ఎక్కువ సిగ్గుపడింది.

కిటికీలోంచి గేటు కనబడుతోంది. అమ్మాయి గుర్తింపు కార్డు కాపలావాడి చేతికిచ్చి, తువ్వాలు భుజాన వేసుకుని, ఖాళీ రోడ్డు మీద నడిచి వెళ్లిపోయింది. వెనక్కి చూడలేదు.

ఫినాయిలక్క తడిగుడ్డ పిండుకుని అర తలుపు తీసింది. పళ్లు విరిగిన దువ్వెన ఒకటి. సగం తాగిన నీళ్ల సీసా. వాటి వెనక, చింపని పొట్లంలో, వచ్చే నెలకని కొని పెట్టుకున్న కొత్త కిట్టు.