గైరుహాజరు

ఎనిమిదో కావడి దించేసరికి ఎల్లం ఎడమ భుజం మండిపోతోంది. ఓట్లు పడుతున్న బడి వరండాలో పెట్టిన గోలెంలోకి కడవలు వంచి, పైన మూత వేసి, ఖాళీ కావడి మళ్లీ భుజానికెత్తుకున్నాడు. గోలెం నిండుగానే ఉంది. ఇంకో కావడి తెమ్మని ఎవరూ చెప్పలేదు. అయినా బావి దారి పట్టాడు. పొద్దుటి నుంచీ అతని కాలు ఒకచోట నిలవడం లేదు.

యాభై దాటిన మనిషి. ముప్ఫై ఏళ్లు కావడిబద్ద ఒరిసి ఒరిసి భుజం మీద నిమ్మకాయంత కాయ కాసింది. ఆ బరువుకు మెడ కుడివైపు వాలిపోయింది. కావడి లేనప్పుడు కూడా, పక్కన ఎవరో రహస్యం చెబుతుంటే వింటున్నట్టే నడుస్తాడు. మెదక్ కచ్చేరీకి నీళ్లు మోయడం వాళ్ల నాయన నుంచి వచ్చిన వెట్టి. నిజాము తహసీల్దారు ఆ నీళ్లే తాగాడు. రజాకార్లు దిగినప్పుడు వాళ్లూ అవే తాగారు. తర్వాత ఇండియా పటాలం వచ్చి జెండా మార్చిననాడు, ఇక వెట్టి లేదని కచ్చేరీ మెట్ల మీద నిలబడి ఎవరో గట్టిగా చదివారు. ఎల్లం ఆ రోజు కావడి అటక మీద పడేసి, ఇంటి ముందు కాళ్లు చాపుకొని కూర్చున్నాడు. మర్నాడు పొద్దున్నే కచ్చేరీ జవాను వచ్చి గుమ్మం ముందు నిలబడ్డాడు.

"ఏయ్ ఎల్లం, నీళ్లేవిరా?"

అంతే. రజాకార్లతో కలిసి తిరిగి, పటాలాన్ని చూసి పట్నం పారిపోయిన దొర కూడా ఆరు నెలలకు ఖద్దరు టోపీతో తిరిగొచ్చాడు. ఇవాళ ఆ దొర గుమాస్తాయే బడి బయట పందిరి కింద కూర్చొని, వచ్చేవాళ్లకు చీటీలు పంచుతున్నాడు. బావి నుంచి తొమ్మిదో కావడితో వస్తున్న ఎల్లాన్ని ఆపాడు.

"ఏం ఎల్లం, ఓటు ఏసినవా? మన బొమ్మ యాదికున్నది గద?"

"పని ఉన్నదయ్యా," అని ఎల్లం ఆగకుండా నడిచాడు.

పందిరి దాటాక తనలో తను గొణుక్కున్నాడు. "మన బొమ్మనట, మన బొమ్మ." ఈ ఓటు పెట్టెల్లోంచి ఏం వస్తుంది? మళ్లీ ఏదో ఒక టోపీయే వస్తుంది. ఆ టోపీకీ దాహమేస్తుంది. కావడి తనదే.

వరండా స్తంభానికి ఆనుకొని బాలలక్ష్మి కూర్చుని ఉంది. చూడకూడదనుకుంటూనే చూశాడు. అతని తమ్ముడు భూమయ్య భార్య. ముప్ఫై కూడా లేవు, అప్పుడే చెంపలు లోపలికి పోయాయి. ఇవాళ మాత్రం పొద్దు పొడవకముందే తలస్నానం చేసి, ఉన్న రెండు చీరల్లో మంచిది కట్టుకొని, ఆడవాళ్ల వరసలో మొదట నిలబడి ఓటు వేసింది. వేసి ఇంటికి పోలేదు. నర్సాపూర్ నుంచి వచ్చే తోవకు ఎదురుగా కూర్చుంది.

"ఇంటికి పో బిడ్డా. ఎండకు కూసున్నవ్," అన్నాడు ఎల్లం.

"అయిదు గొట్టేదాక టైమున్నదట బావా. జర సూస్త."

ఆమె కొంగు ముడిలో భూమయ్య పేరు మీద ఇచ్చిన చీటీ ఉంది. నిరుడు ఓటర్ల పేర్లు రాసుకోవడానికి ఇంటికి వచ్చినవాళ్లతో, "మా ఇంటాయన ఉన్నడు, రాయుండ్రి," అని ఆమే చెప్పింది. దీపావళి ముందు సంఘం వాళ్ల పోరాటం బంద్ అయిందన్నారు. అప్పటి నుంచి అడవుల్లో ఉన్నవాళ్లు, జైళ్లలో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే ఇళ్లకు చేరుతున్నారు. తూప్రాన్‌లో ఒకామె మొగుడు నాలుగేళ్లకు వచ్చాడట. ఆ మాట విన్ననాటి నుంచి బాలలక్ష్మి, ఓటెయ్యడానికైనా భూమయ్య వస్తాడని, ఈ రోజు కోసం వేళ్ల మీద లెక్కపెడుతూ ఉంది.

ఎల్లం మళ్లీ బావికి పోయాడు. చేద వేశాడు. తాడు చేతుల్లోంచి జర్రున జారితే అరచేయి ఒరుసుకుపోయింది.

దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్లకు భూమయ్య రహస్యంగా చీటీలు మోసేవాడు. పటాలం వచ్చిన ఆరేడు నెలలకు పట్టుకున్నారు. ఊరి బయట వేసిన క్యాంపులో పెట్టారు. ఆ క్యాంపుకు నీళ్లు మోసిందీ ఎల్లమే. రెండో రోజు మధ్యాహ్నం తడకల సందులోంచి తమ్ముడి గొంతు వినబడింది. "అన్నా, ఇన్ని నీళ్లు." ఎల్లం లోటా ముంచి ఒక్క అడుగు వేశాడు. కాపలా వాడు తుపాకీ మడమతో లోటాను ఎగరగొట్టాడు. ఆ సాయంత్రం భూమయ్యను లారీలో నర్సాపూర్ అడవి వైపు తీసుకుపోయారు. దారిలో దూకి పారిపోయాడని కాగితంలో రాశారు. తెల్లారి లారీ కడగడానికి నాలుగు కావళ్ల నీళ్లు తెమ్మన్నారు. తెచ్చాడు. పోశాడు. లారీ మూలన, పట్టె తెగితే తను కుట్టించి ఇచ్చిన తమ్ముడి చెప్పు ఒకటి ఉంది. నీళ్లు ఎర్రగా పారి నేలలో ఇంకిపోయేదాకా అక్కడే నిలబడ్డాడు. ఇంటికొచ్చి, "తప్పించుకున్నడట," అని చెప్పాడు. ఆ ఒక్క మాట మీద ఆమె మూడేళ్లు బతికింది. వెనక్కి తీసుకుందామని ఎన్నిసార్లనుకున్నా నోరు రాలేదు.

పన్నెండో కావడి తెచ్చేసరికి ఎండ వాలింది. మగవాళ్ల వరసలో నలుగురే మిగిలారు. గదిలోంచి యోసేపు సారు తల బయటపెట్టి పిలిచాడు. మిషన్ బళ్లో పంతులు. ఇవాళ ఓటర్ల పట్టిక ఆయన చేతిలో ఉంది. కళ్లద్దాలకు ఒకవైపు కాడ లేక దారం కట్టుకున్నాడు.

"ఎల్లం, ఊరందరికి నీళ్లు తాగిస్తున్నవ్, నీ ఓటేది? రా, టైమయితున్నది."

కావడి గోడకు ఆనించి, తడి చేతులు పంచెకు తుడుచుకుంటూ లోపలికి పోయాడు. పోవాలనుకొని పోలేదు. కచ్చేరీ గదుల్లో ఎవరైనా పిలిస్తే పోవడమే అలవాటు.

యోసేపు సారు పట్టికలో వేలు దించుకుంటూ వచ్చి ఆగాడు. "నీ పేరు మీద గీత కొట్టిన. కిందనే నీ తమ్ముడు. వాడు రాలేదు గద? గైరుహాజరు పెడుతున్న."

"అట్ల రాయకుండ్రి సారూ."

"మరేం రాయాలె?"

ఎల్లం నోరు తెరిచాడు. పక్కన బల్ల మీద దొర తరఫు మనిషి, తలుపు దగ్గర జవాను, సిరా సీసా పట్టుకున్న కుర్ర గుమాస్తా, అందరూ అతని వైపే చూస్తున్నారు. ఈ ముప్ఫై ఏళ్లలో ఇలాంటి బల్లల ముందు అతను అన్నది ఒకటే మాట, 'జీ సర్కార్'.

"వాడు గైరుహాజరు కాదు. సచ్చిపోయిండు," అన్నాడు. "లారీల తీస్కపోయిండ్రు. తెల్లారి ఆ లారీ నాతోనే కడిగిచ్చిండ్రు. పారిపోయిండని రాసిండ్రు గని, వాడు పారిపోలే."

జవాను తల తిప్పి బయటికి చూశాడు. అప్పుడు ఎల్లానికి ఆడవాళ్ల తలుపు దగ్గర మంచి చీర అంచు కనిపించింది. అయిదు కొట్టిందేమో అడగడానికి వచ్చినట్టుంది బాలలక్ష్మి. కొంగు ముడి చేత్తో పట్టుకొని నిలబడి ఉంది. ఏడవలేదు. అతని వైపు కాసేపు చూసి, వెనక్కి తిరిగి, వరండా దిగి వెళ్లిపోయింది.

"ఈ పట్టికల మార్చే హక్కు నాకు లేదు ఎల్లం," అన్నాడు యోసేపు సారు మెల్లగా. అయినా పెన్సిల్ తీసి, భూమయ్య పేరు పక్కనున్న ఖాళీలో ఏదో రాశాడు.

"ఏం రాసిండ్రు?"

"మరణించినాడు, అన్న చెప్పినాడు, అని."

ఎల్లం వేలికి సిరా పూశారు. చేతిలో కాగితం పెట్టారు. "వద్దంటే పోవచ్చు, బలవంతం లేదు," అన్నాడు యోసేపు సారు, అతను తెర వైపు కదలకపోవడం చూసి.

"వెయ్యకపోతే నన్ను గూడ గైరుహాజరనే రాస్తరు గద సారూ?"

"రాస్తం."

ఎల్లం తెర వెనక్కి నడిచాడు. వరసగా పెట్టెలు, పెట్టెకో బొమ్మ. ఏ బొమ్మ మీదా నమ్మకం కలగలేదు. తెర బయట నుంచి ఎవరూ 'ఏయ్ ఎల్లం' అని కేకెయ్యలేదు, తొందర పెట్టలేదు. అంతసేపు ఎవరి కంటా పడకుండా ఒక సర్కారీ గదిలో నిలబడడం అతనికి అదే మొదలు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఒక పెట్టెలో వేశాడు. ఏ పెట్టెలోనో తర్వాత ఎవరికీ చెప్పలేదు. దొర బొమ్మున్న పెట్టె మాత్రం కాదు.

ఇంటికొచ్చేసరికి దీపాల వేళయింది. బాలలక్ష్మి పొయ్యి ముందు కూర్చుని ఉంది. అన్నం వండింది. అతనికి వడ్డించి, గోడ పక్కన కూర్చుంది. ఎల్లం ముద్ద కలిపాడు గానీ నోట్లో పెట్టుకోలేకపోయాడు.

"బావా, ఆ క్యాంపుకు నీళ్లు మోసింది నువ్వే గద. నీళ్లడిగిండా?"

"అడిగిండు."

"ఇచ్చినవా?"

"ఇయ్యనియ్యలే బిడ్డా."

ఆమె లేచి చెంబుతో నీళ్లు తెచ్చి అతని కంచం పక్కన పెట్టింది. "తిను," అంది. ఎల్లం తిన్నాడు.

మర్నాడు కచ్చేరీకి రెండు కావళ్లు పోసి వచ్చేసరికి ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది. పక్కింటి పెంటమ్మ వాకిట్లో చాట పట్టుకొని నిలబడి ఉంది. "హవేలిఘనపూర్ పోయింది, వాళ్ల అన్న దగ్గరికి. బండి దొరికిందని జల్దిగ పోయింది. నీకు చెప్పమన్నది. సలి మస్తుగున్నది, బావను జర పైలంగ ఉండుమను అన్నది."

ఎల్లం లోపలికి పోయాడు. పొయ్యి అలికి ఉంది. ఆమె మూట ఉండే మూల ఖాళీగా ఉంది. అతను పడుకునే చాప మీద భూమయ్య గొంగడి పెట్టి ఉంది. ఈ మూడు చలికాలాలూ ఆమె ఎవరినీ దాన్ని ముట్టనివ్వలేదు. అంచులు సరిగ్గా కలిపి మడిచింది. పురుగు పట్టకుండా మడత మడతకూ వేపరెమ్మ పెట్టింది, ఆకులు ఇంకా పూర్తిగా ఎండలేదు.