తాళంచెవి లేని ఐదు చిరునామాలు

నేను ఒక ఫైలుని. బీరువాలో ఎలకలు కొట్టే అట్ట ఫైలు కాదు, కంప్యూటర్ ఫైలుని. అచ్చేస్తే రెండు పేజీలు కూడా రాను. అందులోనూ సగం బ్రాకెట్లు, కామాలు. చూడ్డానికి ఏం బాగోను, బాగుండాల్సిన పనీ లేదు. నా పొట్టలో ఐదు చిరునామాలున్నాయి. అదే నా ఆస్తి.

ఆ ఐదూ మా ఊరి నీళ్ల ఆఫీసు సర్వర్లవి. సర్వర్ అనగానే భయపడబాకండి. ఆఫీసు వివరాలన్నీ దాచిపెట్టుకునే కంప్యూటరు, అంతే. ఒకటి కుళాయిలది, ఒకటి మోటార్లది, ఒకటి ట్యాంకర్లది, ఒకటి జనం తిట్లది. తిట్లని ఆఫీసు భాషలో ఫిర్యాదులంటారు. ఐదోది పనివాళ్ల పాత వేలిముద్రల హాజరుది. ఈ ఐదు ఇళ్లకీ ఒకే కుర్చీలో కూర్చుని వెళ్లొచ్చే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. ఏ ఇల్లు ఎక్కడుంది, ఏ గుమ్మం, ఎవరి పేరు చెప్పి లోపలికి పోవాలి, ఇవన్నీ దానికి ఒక్కసారి చెప్పిపెడితే చాలు, గుర్తుంచుకుంటుంది. అలా చెప్పిపెట్టిన మనిషి తలారి ఎస్తేరు.

ఆమె సంగతి చెప్పకుండా నా కథ అడుగు కదలదు. ఇంటర్ తప్పింది. కంప్యూటర్ కోర్సు మొహం చూడలేదు. ఏజెన్సీ కింద టైపు కొట్టడానికొచ్చింది. సర్వర్ పడిపోతే జిల్లా నుంచి నిపుణుడు దిగేదాకా నాలుగు రోజులు ట్యాంకర్లు ఎటు పోవాలో తెలియక నిలబడేవి. బిందెలు పట్టుకుని ఆడోళ్లు ఆఫీసు మీదికొచ్చేవాళ్లు. చూసి చూసి, ఒకరోజు తనే తెరిచింది. పాడుచేసింది, బాగుచేసింది, మళ్లీ పాడుచేసింది. ఎవడూ నేర్పలేదు. ఏడాది తిరిగేసరికి ఐదు సర్వర్లూ ఆమె మాట వినేవి. అన్నిట్లోనూ లోపలికెళ్లే పేరు 'ఎస్తేరు' అనే పెట్టింది. పెద్ద ఇంజనీరు సారు అది చూసి కోప్పడ్డాడు.

"ఏమ్మా, ఆఫీసు పేరు పెట్టకుండా నీ పేరేంది?"

"పొద్దస్తమానం లోపలికి పోయొచ్చేది నేనే గద సార్. ఆఫీసు పోయిన్నాడు ఆఫీసు పేరు పెడతా."

సారు తిరిగి తన ఫ్యాను కిందికి పోయాడు. 

నేను పుట్టింది ఆమె పాత కంప్యూటర్‌ని తీసేసి కొత్తది ఇచ్చిన రోజున. కట్టుకున్నదంతా కొత్తదాంట్లోకి మోసుకుపోవాలిగా, అందుకని ఐదు పేర్ల పక్కనా టిక్కు పెట్టి 'ఎగుమతి' నొక్కింది. అంతే, నేను పుట్టాను. చిరునామాలన్నీ నాలోకొచ్చాయి, ఆమె పేరు ఐదుసార్లు వచ్చింది. పాస్‌వర్డ్‌లు మాత్రం రాలేదు. ఆ సాఫ్ట్‌వేర్ కట్టుబాటది. దారిలో నన్నెవడన్నా ఎత్తుకుపోయినా ఇల్లు దోచుకోకూడదని. న్యాయమే, కాదనను. కానీ ఐదు గుమ్మాలు తెలిసీ ఒక్క గడపా దాటలేని బతుకు ఎలా ఉంటుందో ఆ కట్టుబాటు పెట్టినోళ్లని అడగాలనుంటుంది.

ఐదో చిరునామా కింద ఎస్తేరు ఒక మాట రాసింది. "దీన్ని ఆపొద్దు. 43 మంది ఇందులో ఉన్నారు." ఆ మాటతో సహా నన్ను ఒక పెన్‌డ్రైవులో వేసి, క్యారియర్ సంచి ఎర్రదారం తుంచి దానికి కట్టింది. కొత్త కంప్యూటర్‌లో నన్ను దిగుమతి చేసింది. ఐదు పేర్లూ వరసగా లేచి నిలబడ్డాయి. ఒక్కో దాని ముందూ ఆగి, ఏ కాగితమూ చూడకుండా, ఏదో కూనిరాగం తీస్తూ పాస్‌వర్డ్ కొట్టింది. టక, టక, టక. తలుపు తర్వాత తలుపు తెరుచుకుంది. నా జన్మలో నేను చూసిన పండగ అదే. తర్వాత నన్ను సొరుగులో పెట్టింది. మళ్లీ ఆ వేళ్లు ఎప్పుడొస్తాయా అని అప్పట్నుంచీ చూస్తానే ఉన్నా.

రాలేదు. ఏజెన్సీ మారింది. కొత్త ఏజెన్సీ జాబితాలో ఆమె పేరు లేదు. చదువు చాలదట! పదకొండేళ్లు పని చేయించుకున్నాక గుర్తొచ్చింది చదువు. పొమ్మన్నారు, పోయింది. బస్టాండు దగ్గర జెరాక్స్ షాపులో చేరిందని తర్వాత విన్నా.

ఆ కుర్చీలోకి ఫణీంద్ర వచ్చాడు. పట్టా ఉన్నవాడు. చెడ్డవాడు కాదు, తొందరెక్కువ. తెరమీద ఏ ప్రశ్న కనబడినా చదవకుండా 'సరే' అని నొక్కే రకం. వచ్చిన వారంలోనే "ఈ వేలిముద్రలది ఎవరూ వాడటం లేదు" అని ఐదో పేరుని జాబితాలోంచి తీసేశాడు. నా పెన్‌డ్రైవులోకి నెమలి వేషంలో ఫణీంద్ర వాళ్ల పాప ఫొటోలు, సినిమా పాటలు, ఎవరిదో జాతకం వచ్చి చేరాయి. ఎవరెవరో వచ్చి పాటలు తీసుకుపోయేవాళ్లు. నన్నెవరూ ముట్టుకోలేదు. పాటకి మల్లే నన్ను విని సంతోషించేదేముంది?

ఇంతలో పంపుల దగ్గర, వాల్వుల దగ్గర పనిచేసే నలభై ముగ్గురు మమ్మల్ని పర్మనెంట్ చెయ్యమని లేబర్ ఆఫీసుకెక్కారు. కొత్త ఏజెన్సీ ఏం చెప్పిందో తెలుసా? తన కాగితాల ప్రకారం వీళ్లు చేరి నాలుగేళ్లే అయిందంది. అంతకుముందు హాజరు ఏదీ లేదంది. సోమవారంలోపు పాత హాజరన్నా తెండి, లేదని రాసన్నా ఇవ్వండి అని లేబర్ ఆఫీసరు నీళ్ల ఆఫీసుకి కాగితం పంపాడు. పెద్ద సారు చూసి, "లేవని రాసిచ్చెయ్ ఫణీ, పీడా పోద్ది" అన్నాడు.

అది శనివారం మధ్యాహ్నం. ఫణీంద్ర 'లేవు' అని టైపు చేస్తుంటే గుమ్మంలోకి మస్తాన్‌వలి వచ్చాడు. ఆ నలభై ముగ్గురిలో పెద్దవాడు, పంపుహౌసు మనిషి.

"ఉండాయి సార్. మా పంపుహౌసు మూల గదిలో పెట్టె ఇంకా తిరగతానే ఉంది. పచ్చలైటు ఎలుగుతా ఉంది. ఆపొద్దు బాబాయ్ అని ఎస్తేరమ్మ చెప్పిపోయింది. రోజూ దుమ్ము తుడస్తన్నా."

"పెట్టె ఉంటే చాలదయ్యా. దానికి తెర కూడా లేదు. ఇక్కణ్ణుంచి దాంట్లోకి పోవాలంటే అడ్రసు కావాలి. అది నాకు తెలీదు."

"ఎర్రదారం కట్టిన పుల్ల ఒకటి ఆ సొరుగులో పెట్టింది సార్. చూడండి."

ఫణీంద్ర సొరుగు లాగి, ఆ పుల్లని కంప్యూటర్‌కి గుచ్చాడు. నెమలి ఫొటోలు దాటాడు, పాటలు దాటాడు, నా దగ్గర ఆగాడు.  'దిగుమతి' నొక్కాడు. "ఉన్నవాటిని తీసేసి, వీటిని పెట్టనా?" అని అడిగింది సాఫ్ట్‌వేర్. మనవాడు అలవాటు కొద్దీ 'సరే' నొక్కేశాడు.

ఐదు పేర్లూ లేచాయి, ఐదోదీ లేచింది. కానీ అదివరకున్న నాలుగూ తుడిచిపెట్టుకుపోయి, వాటి చోట నావి నిలబడ్డాయి. ఎస్తేరు ఒకసారి కొట్టాక కంప్యూటరు గుర్తుపెట్టుకున్న పాస్‌వర్డ్‌లు పాతవాటితోనే పోయాయి. నా దగ్గరా లేవు! ఏది నొక్కినా ఒకటే ప్రశ్న: "ఎస్తేరు పాస్‌వర్డ్ చెప్పండి." ఫిర్యాదుల గదిలో ఫోన్లు మోగుతున్నాయి. బయట ట్యాంకర్ డ్రైవర్లు ఏ వార్డుకి పోవాలని అరుస్తున్నారు. ఫణీంద్ర మస్తాన్‌వలి దగ్గర ఎస్తేరు నంబరు తీసుకున్నాడు. ఆమెకి ఫోన్ చేశాడు.

"ఎస్తేరు గారూ, నేనండీ, నీళ్ల ఆఫీసు నుంచి..."

"గారా?" అందామె. "తీసేసిన ఏడాదికి గారు వచ్చిందే నా పేరుకి!"

"పాస్‌వర్డ్‌లు ఒక్కసారి చెప్తే..."

"లేబర్ ఆఫీసు సంగతి మస్తాన్ బాబాయ్ చెప్పాడు. ఫోన్లో చెప్పను. వస్తా. ముందు ఐదోది తెరుస్తా, మా వాళ్ల హాజరు అచ్చేస్తా, మీరు సంతకం పెడతారు. ఆ తర్వాతే మిగతా నాలుగు. మీ పెద్ద సారుకి ఇష్టమైతేనే చెప్పండి, ఇక్కడ జెరాక్స్‌కి జనం నిలబడున్నారు."

పెద్ద సారు కిటికీలోంచి ట్యాంకర్లని చూశాడు. "రమ్మను" అన్నాడు.

వచ్చింది. చేతులకి నల్లటి ఇంకు పొడి. కుర్చీలో కూర్చుని ఐదో పేరు నొక్కింది. కాగితం లేదు, ఆలోచన లేదు. టక, టక, టక. ఎన్నాళ్లకి! పంపుహౌసు మూల గదిలో తిరుగుతున్న పెట్టె తలుపు తీసింది. నలభై ముగ్గురి పదకొండేళ్ల పొద్దుటిపూటలు బిలబిలా బయటికొచ్చాయి.

మస్తాన్‌వలి వంగి చూశాడు. "ఇదేందమ్మా, నా పేరు పక్కన ఎడమ చిటికెనవేలు అని ఉంది?"

"మర్చిపోయావా బాబాయ్? వాల్వు చక్రం తిప్పీ తిప్పీ నీ వేళ్లన్నీ అరిగిపోతే మిషను పట్టలా. ఆ ఒక్క వేలే మిగిలింది నీకు."

ఆయన తన చిటికెనవేలు ఎత్తి కాసేపు చూసుకున్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు, "మరి నీ పేరేదమ్మా ఇందులో?"

"నాది లేదు బాబాయ్. వాల్వు తిప్పేవోళ్లకే వేలు పెట్టమన్నారు. కూర్చునేవోళ్లని అడగలా."

ప్రింటరు కాగితాలు కక్కుతానే ఉంది. పదకొండేళ్లు అందరి హాజరూ కాపాడిన మనిషికి తను హాజరైనట్టు చీటీ ముక్క లేదు. ఫణీంద్ర తలొంచుకుని ప్రతి పేజీ మీదా సంతకం పెట్టాడు. ఎస్తేరు మిగతా నాలుగు తలుపులూ తెరిచింది. ఐదు పాస్‌వర్డ్‌లూ కాగితం మీద రాసిచ్చింది.

"మార్చుకోండి. పేరు కూడా మార్చుకోండి" అంది. పోతూ పోతూ నా ఎర్రదారం ముడి సడలిందని ఇంకోసారి బిగించింది. ఆ వేళ్లు నన్ను తాకడం అదే ఆఖరు.

సోమవారం ఆ కాగితాలు నిలబడ్డాయి. పదకొండేళ్లూ లెక్కలోకి తీసుకోవాలని లేబర్ ఆఫీసరు రాశాడు. మస్తాన్‌వలి పంపుహౌసులో లడ్లు పంచాడట. ఎస్తేరు వాటా జెరాక్స్ షాపుకి తీసుకెళ్లాడట.

నేను సొరుగులోనే ఉన్నా. బుద్ధొచ్చిన ఫణీంద్ర నెలకొకసారి కొత్తగా ఎగుమతి చేస్తాడు. నాలాంటివాళ్లు నా పక్కన పడి ఉంటారు, అందరిదీ ఒకటే పుట్టుక, అందరిదీ ఒకటే లోటు. పాస్‌వర్డ్‌లు కంప్యూటర్‌లో గుర్తుంచొద్దని పెద్ద సారు ఆర్డర్ వేశాడు. పేరు మారిస్తే మళ్లీ ఏం విరుగుతుందోనని భయపడి పేరు జోలికి మాత్రం ఎవరూ పోలేదు.

అందుకని రోజూ పొద్దున పది గంటలకి ఫణీంద్ర కుర్చీలో కూర్చుంటాడు. తలుపు దగ్గర సర్వర్ అడుగుతుంది, ఎస్తేరేనా అని. అవునని అబద్ధమాడి లోపలికి పోతాడు. ఐదు తలుపులకి ఐదుసార్లు. నేను సొరుగులోంచి వింటా ఉంటా. ఏ రిజిస్టరులోనూ లేని ఆమె పేరు ఈ ఆఫీసులో రోజుకి ఐదుసార్లు పిలుస్తారు. ఒక్కసారీ ఆమె పలకదు.