గోడ మీది నల్లచుక్క

అక్షరదోషాలుంటే మన్నించండి. అరవై దాటాక దిద్దుకున్న అక్షరాలివి. ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడుముకుంటాను. చెయ్యి నత్తనడకే గానీ, చెప్పాలన్న తొందర మాత్రం ఆగడం లేదు.

మా వారు పోయాక ఇంట్లో గోడలు చూస్తూ కూర్చున్న నన్ను కోడలు తన స్టూడియోకి తీసుకెళ్లింది. సినిమాలో లేని భవనాన్ని ఉన్నట్టు చూపించే పని వాళ్లది. అందుకు ముందు కెమెరా ఎలా కదిలిందో కంప్యూటరుకు తెలియాలి. బొమ్మలో కదలని చోట్లు ఎంచి, ఒక్కోదాని మీద ఒక ట్రాకర్ పెడితే, అది ఆ చోటును పట్టుకుని వెంట వెళ్తుంది. వాటిలో రకాలున్నాయి. ఒకటి నల్లచుక్కను పడుతుంది, ఒకటి తెల్లచుక్కను. మూలల్నీ గీతల్నీ పోల్చుకునేది ప్యాటర్న్ ట్రాకర్. తలుపులాంటి చదునైనదాన్ని మొత్తంగా పట్టేది ఇంకొకటి.

చాన్నాళ్లు నేర్చుకున్నాక నాకో షాట్ ఇచ్చారు. పాత గోడ, దాని వెనక లేవాల్సిన భవనం.

"ఇది నిలబడితే రేపట్నుంచి ఈ కుర్చీ మీదే పిన్నిగారూ. పడిపోయిందా, మళ్లీ టీవీ ముందు సోఫాయే," అన్నాడు బొమ్మలు కలిపి రంగులు సరిచేసే ఆయన. మధ్యాహ్నం దర్శకుడు వస్తాడట.

గోడంతా పెచ్చులూడి ఉంది. పైన మాత్రం ఒక నల్లచుక్క, గుండ్రంగా, ఎంత ముచ్చటగా ఉందో! నల్లచుక్క ట్రాకర్ పెట్టగానే అతుక్కుపోయింది. మురిసిపోయి మిగతా ట్రాకర్లన్నిటి మీదా దానికే పెత్తనం ఇచ్చాను.

కోడలు భవనాన్ని పెట్టి ఆడించింది. భవనం మెల్లగా పైకి లేచింది. దిగింది. మళ్లీ లేచింది.

"ఇదేంటత్తయ్యా, ఊపిరి తీసుకుంటోంది?"

"మెట్లెక్కి వచ్చినట్టుంది పాపం. కాసిని మంచినీళ్లివ్వండి," అన్నాడాయన.

నా పైప్రాణాలు పైనే పోయాయి. చుక్కను పెద్దది చేసి చూశాను. చుక్కకు చెవులున్నాయి.

"పిల్లి!" కోడలు పొట్ట పట్టుకుంది. "నిద్రపోయే పిల్లి మీద మేడ కట్టావా అత్తయ్యా!"

"అది లేచేలోపు ఇంకో అంతస్తు వేసెయ్యండి పిన్నిగారూ."

"నీ మొహం! జరుగు," అన్నాను, నవ్వు ఆపుకోలేక.

పిల్లి మీది ట్రాకర్ తీసేశాను. ఈసారి అందం చూడలేదు. ఊడిన పెచ్చుల అంచులకూ, ఇటుకల మూలలకూ ప్యాటర్న్ ట్రాకర్లు పెట్టాను. మూసిన తలుపుకు చదునైనవాటిని పట్టే ట్రాకర్ పెట్టాను. తీగ మీద ఊగే బట్టల జోలికే పోలేదు. మళ్లీ ఆడిస్తే భవనం కిమ్మనలేదు.

దర్శకుడు వచ్చి, రెండుసార్లు చూసి మొహం చిట్లించాడు.

"ఆ కిటికీల రంగేంటండీ బాబూ, పండగ పందిరిలా?"

"మరి భవనం సంగతి?" కోడలు అడిగింది.

"భవనానికేం? అక్కడే ఉందిగా!"

దర్శకుడు వెళ్లగానే రంగులాయన కుర్చీ నా వైపు తోశాడు. "కూర్చోండి పిన్నిగారూ. కుర్చీ మీకు, చివాట్లు నాకు."

దర్జాగా కూర్చుని తర్వాతి షాట్ తెరిచాను. తెరనిండా సముద్రం. కదలని చోటు ఒక్కటి ఉంటే ఒట్టు! నడుం బిగించి వెతకడం మొదలుపెట్టాను.

ఇట్లు,
అందరూ బుజ్జమ్మ అని పిలిచే నేను,
అరవై నాలుగేళ్లు,
ఇప్పుడు ఉండేది కోడలి స్టూడియో పైనున్న గదిలో.